బోర్న్‌విల్: చాక్లెట్ పొట్లం మీది పేరు, బర్మింగ్‌హామ్ శివారు ఊరు

బర్మింగ్‌హామ్ వెళ్లివచ్చిన మనవాళ్లలో చాలామంది బోర్న్‌విల్ చూశామనే చెబుతారు గానీ, వారు చూసింది క్యాడ్‌బరీ వరల్డ్ అనే ప్రదర్శనశాలను మాత్రమే. పొద్దున కారు దిగి, పిల్లలను లోపలంతా తిప్పి, దుకాణంలో సంచులు నింపుకుని, మధ్యాహ్నానికల్లా అదే కారెక్కి వెళ్లిపోతారు. ఆ ఆవరణ దాటి పది నిమిషాలు నడిస్తే, కార్మికుల ఇళ్లు ఎలా ఉండాలన్న విషయంలో ఇంగ్లండుకు కొత్త దారి చూపిన ఊరు ఒకటి ఉందన్న సంగతి వారి దృష్టికే రాదు. సెల్లీ ఓక్‌లో గది అద్దెకు తీసుకుని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా అమ్మాయిని చూడటానికి వేసవిలో వెళ్లినప్పుడు, నేనూ మా ఆవిడా ఈ ఊరిని తీరిగ్గా తిరిగి చూశాము. అక్కడ చూడదగినవేమిటో, డబ్బు పెట్టదగినవేమిటో, ఎక్కడ దిగితే సుఖమో మా అనుభవం మేరకు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో ఒక్క పూటే ఉండి, వెంట చిన్నపిల్లలు లేకపోతే, టికెట్టు కొని చూసే ప్రదర్శనశాలను వదిలేసి, ఏ టికెట్టూ లేని ఊరిని నడిచి చూడటమే లాభం.

బోర్న్‌విల్ బర్మింగ్‌హామ్ నగర మధ్యభాగానికి దక్షిణంగా నాలుగు మైళ్ల దూరంలో ఉంది. ఉత్తరాన సెల్లీ ఓక్, తూర్పున స్టర్చ్‌లీ, దక్షిణాన కాటరిడ్జ్, దాని తరువాత కింగ్స్ నార్టన్, పడమటి వైపు నార్త్‌ఫీల్డ్ దీని ఇరుగుపొరుగులు. 1911లో బర్మింగ్‌హామ్ పొలిమేరలను పెంచినప్పుడు ఈ ప్రాంతమంతా వూస్టర్‌షైర్ నుంచి విడిపోయి నగరంలో కలిసింది. అంటే పరిపాలన లెక్కల్లో ఇది నూరేళ్లకు పైగా నగర శివారే. అయినా అక్కడివాళ్లు దీన్ని ఇప్పటికీ విలేజ్ అనే అంటారు. ఊరి నడుమ పచ్చిక బయలు, దాని చుట్టూ బడి, ప్రార్థనా మందిరాలు, ఒక వరుస దుకాణాలు చూశాక ఆ మాటకు అభ్యంతరం చెప్పాలనిపించదు.

ఊరి నైసర్గిక స్వరూపం అర్థం కావాలంటే మూడు గీతలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, బోర్న్ అనే చిన్న వాగు. పడమటి నుంచి తూర్పుకు పారి, స్టర్చ్‌లీ వైపు వెళ్లి రే నదిలో కలుస్తుంది. రెండవది, 1815లో పూర్తయిన వూస్టర్ – బర్మింగ్‌హామ్ కాలువ. మూడవది, ఆ కాలువను అంటిపెట్టుకుని సాగే రైలు మార్గం. 1876లో ఆ మార్గంలో ఇక్కడ స్టర్చ్‌లీ స్ట్రీట్ పేరుతో స్టేషను వెలిసింది. నగరం నడిబొడ్డున బ్రిడ్జ్ స్ట్రీట్‌లోని ఇరుకు కర్మాగారంతో విసిగిపోయిన రిచర్డ్, జార్జ్ క్యాడ్‌బరీ సోదరులు కొత్త చోటు వెతుక్కున్నప్పుడు, మంచి నీరు, సరుకులకు కాలువ, మనుషులకు రైలు ఒకేచోట కలిసిన ఈ పొలాలు వారికి నచ్చాయి. 1879లో కర్మాగారం ఇక్కడికి వచ్చింది. ఆ కాలంలో ఫ్రెంచి చాక్లెట్లకున్న గౌరవాన్ని దృష్టిలో పెట్టుకుని, వాగు పేరుకు ఫ్రెంచి తోక తగిలించి ఊరికి పేరు పెట్టారు. కంపెనీ మూలాలు మాత్రం ఇంకా వెనక్కి, వారి తండ్రి జాన్ క్యాడ్‌బరీ 1824లో బుల్ స్ట్రీట్‌లో టీ, కాఫీ, కోకో అమ్మిన కొట్టు దగ్గరికి పోతాయి.

ఊరు చేరడానికి మూడు దారులున్నాయి. న్యూ స్ట్రీట్ స్టేషనులో క్రాస్ సిటీ లైను రైలెక్కితే ఫైవ్ వేస్, యూనివర్సిటీ, సెల్లీ ఓక్ దాటాక నాలుగవ ఆగు బోర్న్‌విల్. ప్రయాణం పది పన్నెండు నిమిషాలకు మించదు. స్టేషను కంబాలకూ రెయిలింగులకూ చాక్లెట్ పొట్లం ఊదారంగు వేసి ఉండటం వల్ల పొరపాటున దాటిపోయే భయం లేదు. వారపు రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటాక బయలుదేరితే టికెట్టు ధర తగ్గుతుంది. బస్సులూ రైళ్లూ రెండింటికీ చెల్లే రోజువారీ టికెట్టు తీసుకుంటే ఇంకా కలిసివస్తుంది. రెండవ దారి 11వ నంబరు బస్సు. నగరం చుట్టూ సుమారు 26 మైళ్ల వలయంగా సాగే ఈ మార్గం 1926 నుంచి ఉంది. లిండెన్ రోడ్డు మీదుగా ఊరి మధ్యలోంచే వెళుతుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే శివార్లన్నీ చూసినట్టే గానీ, వాహనాల రద్దీలో చిక్కితే ఓర్పు కావాలి.

నేను అందరికీ చెప్పేది మూడవ దారి, కాలువ గట్టు మీద నడక. నగరం మధ్య గ్యాస్ స్ట్రీట్ దగ్గర మొదలుపెట్టి, ఎడ్జ్‌బాస్టన్ దగ్గర ఒక పొట్టి సొరంగం దాటి, విశ్వవిద్యాలయం ఎర్ర ఇటుక గడియారపు స్తంభాన్ని పక్కన పెట్టుకుని, సెల్లీ ఓక్ మీదుగా నాలుగు మైళ్లు వస్తే బోర్న్‌విల్. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. ఈ కాలువలో మొత్తం 58 లాకులున్నా, బర్మింగ్‌హామ్ నుంచి టార్డెబిగ్ వరకు పద్నాలుగు మైళ్ల మేర ఒక్కటి కూడా లేదు. అందుకే గట్టు దారి కూడా చదునుగా సాగుతుంది. బెజవాడ కాలువ గట్ల మీద తిరిగి పెరిగినవాడిని గనుక ఆ నీటి వెడల్పు నాకు మొదట ఆనలేదు. మన ఏలూరు కాలువ ముందు ఇది పిల్ల కాలువ. అయితే ఇది పొలాలు తడపడానికి తవ్వినది కాదు, సరుకు మోయడానికి తవ్వినది. ఏడడుగుల వెడల్పు మించని పొడవాటి పడవలు దీని కొలతకు తగ్గట్టే తయారయ్యాయి. స్టాఫర్డ్‌షైర్‌లోని నైటన్‌లో పాలూ చక్కెరా కోకో కలిపి ఎండబెట్టిన ముడిపదార్థం 1961 వరకు ఇలాంటి పడవల మీదే ఇక్కడికి వచ్చేది. ఇప్పుడు ఆ పడవల్లో కొందరు కాపురాలుంటున్నారు, కొందరు సెలవులకు తిరుగుతున్నారు. ఒక పడవ కప్పు మీద కుండీల్లో టమాటా మొక్కలు, కట్టెల మోపు, ఎండకు ఒళ్లు కాచుకుంటున్న పిల్లి కనిపించాయి. గట్టు మీద సైకిళ్లు వేగంగా వస్తాయి. వెనకనుంచి గంట వినిపిస్తే ఒక పక్కకు ఒదగాలి. మోకాళ్ల నొప్పులున్నవారు నాలుగు మైళ్లూ నడవనక్కర లేదు. యూనివర్సిటీ స్టేషనులో దిగి అక్కడి నుంచి మొదలుపెడితే సగం దూరం తగ్గుతుంది. ఏ స్టేషను దగ్గర అలసిపోతే అక్కడే రైలెక్కవచ్చు.

ఇక ఊరి సంగతి. కర్మాగారం వచ్చిన పద్నాలుగేళ్లకు, 1893లో, జార్జ్ క్యాడ్‌బరీ పక్కనున్న 120 ఎకరాలు కొన్నాడు. 1895లో ఇళ్ల నిర్మాణం మొదలైంది. ఆ పనికి ఆయన ఎంచుకున్న వాస్తుశిల్పి విలియం అలెగ్జాండర్ హార్వీకి అప్పుడు ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లు. ఇల్లు తన స్థలంలో నాలుగో వంతుకు మించి ఆక్రమించకూడదు, మిగిలినదంతా తోటగా ఉండాలి, మొత్తం భూమిలో పదో వంతు ఉద్యానాలకూ ఆటస్థలాలకూ వదలాలి అన్నవి జార్జ్ పెట్టుకున్న నియమాలు. కాపురానికి దిగేలోగానే తోటను దున్ని, పండ్ల చెట్లు నాటి అప్పగించేవారట. ఇక్కడ చాలామంది అనుకునే మాట ఒకటి సరిదిద్దాలి. ఈ ఇళ్లు క్యాడ్‌బరీ కార్మికులకు మాత్రమే కట్టినవి కావు. మొదటి నుంచీ బయటివారికీ ఇచ్చారు. తొలి రోజుల లెక్కల్లో కర్మాగారంలో పనిచేసేవారు సగం కూడా లేరు. 1900లో జార్జ్ ఈ ఆస్తినంతా బోర్న్‌విల్ విలేజ్ ట్రస్టుకు రాసిచ్చాడు. అప్పటికి 313 ఇళ్లు, 330 ఎకరాలు. వచ్చే ఆదాయం తన కుటుంబానికి కాక, తిరిగి ఊరి మీదే ఖర్చు కావాలన్నది షరతు. నేటికి ట్రస్టు చేతిలో సుమారు 1000 ఎకరాలు, 8000కు చేరువగా ఇళ్లు ఉన్నాయి.

ఈ లెక్కలు తెలియకపోయినా, లేబర్నమ్ రోడ్డు, అకేషియా రోడ్డు, సికమోర్ రోడ్డు వంటి చెట్ల పేర్ల వీధుల్లో ఒక గంట తిరిగితే ఆ నియమాల ఫలితం కంటికి తెలుస్తుంది. ఇళ్లు చాలావరకు జంటలుగానో, మూడేసి నాలుగేసిగానో ఉంటాయి. ఒకే నమూనాను వరుసగా తిప్పి కొట్టినట్టు ఉండవు. ఒక ఇంటికి కమాను గుమ్మం ఉంటే పక్క దానికి కప్పులోంచి పొడుచుకొచ్చిన కిటికీ, ఆ తరువాతి దానికి సున్నం పూత మీద ఇటుకల అంచు. ఇల్లు వీధికి ఆనుకుని ఉండదు. ముందు తోట, దాని ముందు నడుమెత్తున కత్తిరించిన పచ్చని కంచె, ఆ తరువాతే కాలిబాట. ఇళ్ల రంగులు మార్చాలన్నా, కంచె తీసి కారు నిలుపుకోవాలన్నా ట్రస్టు అనుమతి కావాలి. ఆ కట్టుబాటు ఇష్టపడని నివాసులూ ఉంటారు గానీ, చూడవచ్చినవారికి దాని వల్ల లాభమే. చిన్న ఇళ్లలో స్నానాల గదికి చోటు లేక, వంటగది నేలలోనే తొట్టి దించి పైన పలక మూసేవారు. కొన్నింటిలో గోడ బీరువాలోకి మడిచిపెట్టే తొట్టి ఉండేది. బర్మింగ్‌హామ్ నడిమధ్యన, తమదంటూ వెనుక గోడ కూడా లేకుండా వీపులు కలిపి కట్టిన గుడిసెల్లాంటి ఇళ్లలో నాలుగైదు కుటుంబాలు ఒకే పంపు వాడుకున్న కాలంలో, వేడినీళ్ల స్నానం ఇంట్లోనే దొరకడం ఎంత పెద్ద సౌకర్యమో ఊహించుకోవచ్చు. ఇవన్నీ మనుషులు కాపురముండే ఇళ్లు గనుక గేట్లు దాటి లోపలికి తొంగి చూడటం, కిటికీలకు కెమెరా ఎత్తడం తగదు. ఆ సంగతి ఎక్కడా బోర్డు మీద రాసి ఉండదు.

ఊరి నడుమ పచ్చిక బయలును అక్కడివారు ది గ్రీన్ అంటారు. దాని మీద ఎనిమిది పలకలుగా నిలిచిన రెస్ట్ హౌస్ అనే చిన్న కట్టడం, జార్జ్, ఎలిజబెత్ దంపతుల పెళ్లి రజతోత్సవానికి కర్మాగార ఉద్యోగులు చందాలు వేసుకుని కట్టించినది. 1914లో పూర్తయింది. సోమర్‌సెట్‌లోని డన్‌స్టర్ గ్రామంలో ఉన్న నూలు సంత మండపం దీనికి నమూనా. యజమాని కార్మికులకు ఇచ్చిన ఊరి మధ్యలో, కార్మికులు యజమానికి ఇచ్చిన ఈ ఒక్క కానుక అందరి కంటా పడేలా ఉండటం నాకు బాగా నచ్చింది. లోపల ఊరి చరిత్ర చెప్పే చిన్న సందర్శక కేంద్రం ఉంది. ఎదురుగా 1905లో కట్టిన క్వేకర్ల సమావేశ మందిరం. క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖ, క్యాడ్‌బరీలు దానికి చెందినవారు. గోడ దగ్గర జార్జ్ క్యాడ్‌బరీ శిరోవిగ్రహం మినహా అట్టహాసమేమీ లేదు. పచ్చిక చుట్టూ సికమోర్ రోడ్డు దుకాణాల వరుస, ఆంగ్లికన్ల సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి (1925), చిత్రకళా శిక్షణకు పేరుపడ్డ రస్కిన్ హాల్. అన్నింటినీ ఒక్కచోట నిలబడి చూడవచ్చు.

వీటన్నిటిలోకీ ముఖ్యమైనది చూసేది కాదు, వినేది. బడి భవనం మీది గోపురంలో కారిలాన్ అనే గంటల వాద్యం ఉంది. బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఇలాంటిది విని ముగ్ధుడైన జార్జ్ 1906లో ఇక్కడ పెట్టించాడు. మొదట 22 గంటలే ఉండేవి. 1934 నాటికి 48 అయ్యాయి. గంటలు ఊగవు. ప్రతి గంట నాలుకకూ ఒక తీగ కట్టి, ఆ తీగలన్నీ కింది గదిలోని కర్ర మీటల దగ్గరికి తెస్తారు. వాయించేవారు హార్మోనియం మీద లాగా వేళ్లతో నొక్కరు. పిడికిలి బిగించి కర్రను కిందికి మోదుతారు. పెద్ద గంటలకు కాళ్ల కింద తొక్కుడు మీటలు. మామూలుగా శనివారం మధ్యాహ్నాల్లో కచేరీ ఉంటుంది. మేము గ్రీన్ మీద బల్లపై కూర్చుని విన్నాము. మొదటి పాట అయ్యేదాకా మా ఆవిడ గోపురం వంకే చూస్తూ, “మనిషే వాయిస్తున్నాడంటారా, యంత్రమా?” అని అడిగింది. రెండో పాటలో ఒకచోట లయ కాస్త తడబడి సర్దుకుంది. “మనిషేనండీ” అని తానే తేల్చింది. దీనికి రుసుము లేదు. బోర్న్‌విల్‌కు ఒకే ఒక్క రోజు కేటాయించగలిగితే అది శనివారం కావాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఊరంతా ఇదే పచ్చిక మీద చేరి, గంటల తోడుతో భక్తిగీతాలు పాడుతుందని చెప్పారు.

అక్కడికి దగ్గరలోనే మేపుల్ రోడ్డు మూల మీద సెల్లీ మేనర్ ఉంది. నల్లటి దూలాలూ తెల్లటి గోడలూ ఉన్న ఈ ఇల్లు బోర్న్‌విల్‌లో పుట్టలేదు. సెల్లీ ఓక్‌లో పాడుబడి, మూడు వాటాలుగా చీలి, కూల్చివేతకు సిద్ధంగా ఉన్నదాన్ని జార్జ్ క్యాడ్‌బరీ 1907లో కొని, దూలం దూలానికీ గుర్తులు వేయించి విప్పించి, మైలు దూరం తెచ్చి తిరిగి నిలబెట్టించాడు. 1917 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. పక్కనే మిన్‌వర్త్ గ్రీవ్స్ అనే ఇంకా పాత కట్టడాన్ని ఆయన కుమారుడు లారెన్స్ 1930ల తొలినాళ్లలో తెచ్చి నిలిపాడు. అందులో సహజంగా వంగిన చెట్టు మానును నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు సగాలను ఎదురెదురుగా పైన కలిపి కప్పు మోయించారు. మన పెంకుటిళ్ల వాసాలూ దూలాలూ తెలిసినవారు ఆ ఒక్క పని దగ్గరే చాలాసేపు నిలబడిపోతారు. ప్రవేశ రుసుము స్వల్పం. లోపల లారెన్స్ సేకరించిన పాత కాలపు బల్లలు, మంచాలు, పెట్టెలు ఉన్నాయి. మెట్లు ఇరుకు, నేల ఒకవైపుకు వాలి ఉంటుంది, ద్వారాలు తలకు తగులుతాయి. పెద్దవారు కింది గదులతో సరిపెట్టుకున్నా నష్టం లేదు. వారమంతా తెరిచి ఉండదు గనుక వేళలు చూసుకుని వెళ్లాలి. నా లెక్కలో, పెట్టిన డబ్బుకు దక్కిన ఫలితాన్ని బట్టి చూస్తే, ఈ ఊళ్లో మొదటి స్థానం దీనిదే.

క్యాడ్‌బరీ వరల్డ్ గురించి ఇప్పుడు చెప్పవచ్చు. 1990లో తెరిచారు. ముందుగా తెలుసుకోవలసింది, ఇది కర్మాగార సందర్శన కాదు. అసలు తయారీ జరిగే చోటు మనకు చూపించరు. కోకో చరిత్ర, పాత బుల్ స్ట్రీట్ నమూనా వీధి, పిల్లలు కూర్చుని తిరిగే చిన్న బండి, కదిలే కుర్చీల సినిమా, చేత్తో చాక్లెట్ బొమ్మలు పోసి చూపే గది, దారిలో చేతికిచ్చే చాక్లెట్లు, ఇదీ వరస. పదేళ్లలోపు పిల్లలకు ఇది పండగే. మాతో వచ్చిన మిత్రుల పిల్లలు మూడు గంటలు అలుపెరగలేదు. పెద్దలకు మాత్రం ధర ఎక్కువనిపిస్తుంది. టికెట్టు సమయాన్ని బట్టి ఇస్తారు. సెలవుల్లో ముందే కొనుక్కోకపోతే చోటు దొరకదు. చాక్లెట్లు కొనడమే పని అయితే, అక్కడి దుకాణంలోకి టికెట్టు లేకుండానే వెళ్లవచ్చు. విరిగిన, ఆకారం చెడిన చాక్లెట్ల సంచులు తక్కువ ధరకు దొరికితే అవే తీసుకోండి, రుచి ఒకటే. 1905లో వచ్చిన డైరీ మిల్క్, 1908లో వచ్చిన బోర్న్‌విల్ చాక్లెట్, రెండూ మనకు చిన్ననాటి నుంచి తెలిసిన పేర్లే. ఇండియాలో ఈ కంపెనీ 1948లోనే అడుగుపెట్టింది. అక్కడి డైరీ మిల్క్ నా నోటికి మన దగ్గర దొరికేదానికంటే మెత్తగా, త్వరగా కరిగేదిగా తోచింది. 2010లో కంపెనీ అమెరికా సంస్థ చేతికి పోయింది. ఊరి ట్రస్టు అప్పటికి నూరేళ్లుగా విడిగా ఉండటం వల్ల ఇళ్లూ తోటలూ ఆ అమ్మకంలోకి రాలేదు. ఆ మాట ప్రదర్శనశాల లోపల కంటే బయట గ్రీన్ మీద పెద్దలెవరితోనైనా మాట కలిపితే బాగా తెలుస్తుంది.

కర్మాగారానికి ఆనుకుని ఉన్న క్రికెట్ మైదానం, 1902 నాటి దూలాల పెవిలియన్ తప్పక చూడాలి. వెనుక ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, ముందు తెల్ల దుస్తుల ఆట. ఆట ఉన్న రోజున గట్టు మీద నిలబడి చూడటానికి ఎవరూ అడ్డు చెప్పరు. గాలి అనుకూలిస్తే వేయించిన కోకో వాసన ఇక్కడికి వస్తుంది. మేమున్నప్పుడు ఒక సాయంత్రం మాత్రమే వచ్చింది.

తిండి విషయంలో బోర్న్‌విల్ బలహీనమైన ఊరు. గ్రీన్ చుట్టుపక్కల టీ దుకాణాల్లో స్కోన్లు, కేకులు, సాండ్‌విచ్‌లు, చీజు, ఉడికించిన చిక్కుళ్లు వేసిన కాల్చిన బంగాళాదుంప దొరుకుతాయి. శాకాహారికి ఇవే గతి. సాయంత్రం అయిదు దాటితే చాలావరకు తలుపులు మూస్తారు. పబ్బు కోసం వెతకవద్దు. మద్యానికి దూరంగా ఉండాలన్న క్వేకర్ల నియమం వల్ల మొదటి నుంచీ ఇక్కడ పబ్బులు కట్టనివ్వలేదు. 2007లో ఒక దుకాణం మద్యం అమ్మడానికి అనుమతి అడిగితే ఊరివారు వ్యతిరేకించి ఆపించారు. భోజనానికి స్టేషను దాటి తూర్పున పది పదిహేను నిమిషాలు నడిచి, స్టర్చ్‌లీలోని పెర్షోర్ రోడ్డుకు వెళ్లడం ఉత్తమం. అక్కడ రొట్టెల దుకాణాలు, చిన్న హోటళ్లు, బీరు సొంతంగా కాచే చోట్లు వరుసగా ఉన్నాయి. మనకు కావలసిన బియ్యం, పప్పు, పచ్చిమిర్చి కూడా దొరుకుతాయి. ఆదివారం పెద్ద దుకాణాలు చట్టం ప్రకారం ఆరు గంటలే తెరుస్తారు గనుక శనివారమే కొనిపెట్టుకోవాలి. మేము పులిహోర కలిపి డబ్బాలో తీసుకెళ్లి గ్రీన్ బల్లల మీద తిన్నాము. చోటు శుభ్రంగా ఉంచితే ఎవరికీ అభ్యంతరం లేదు. మరుగుదొడ్ల సంగతి కూడా పెద్దవారు గుర్తుంచుకోవాలి. వీధుల్లో వెతికితే దొరకవు. టీ దుకాణంలోనో ప్రదర్శనశాలలోనో చూసుకుని కదలడం మంచిది. చిల్లర అక్కర్లేదు, దాదాపు అన్నిచోట్లా కార్డు తాకిస్తే సరిపోతుంది.

బస విషయం. ఊళ్లో పెద్ద హోటళ్లు లేవు. మేము మొదట న్యూ స్ట్రీట్ దగ్గర ఒక హోటల్లో, తరువాత స్టర్చ్‌లీ పక్కన ఒక అతిథి గృహంలో దిగాము. నగర మధ్యలోని గది చిన్నదే అయినా లిఫ్టు, వేడినీళ్లు, ఉదయపు ఫలహారం అన్నీ వేళకు ఉన్నాయి. లోపమల్లా శుక్ర, శనివారాల రాత్రి రెండింటి దాకా కింద వీధిలో కేకలు. అతిథి గృహం ఉన్న వీధిలో రాత్రి ఆకు కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. కానీ ప్రకటనలో చూపిన గది ఒకటి, ఇచ్చింది మరొకటి. రెండంతస్తుల మెట్లు ఎక్కి పెట్టెలు మోసుకోవలసి వచ్చింది. స్నానాల గదిలో నీళ్లు ఒకసారి సల సల మరిగేవి, ఒకసారి మంచు. ఫోను చేస్తే రేపు చూస్తామన్నారు, చూడలేదు. ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చే చోట్లలో దిగేముందు ఏ అంతస్తో, మెట్లెన్నో, మధ్యాహ్నం మూడుకు ముందే పెట్టెలు పెట్టుకోనిస్తారో లేదో రాతపూర్వకంగా అడగడం అవసరం. పెద్దవారితో వెళ్లేవారికి నా సలహా, నగరంలో స్టేషనుకు నడిచే దూరంలో దిగి, బోర్న్‌విల్‌కు రైల్లో వచ్చిపోవడం. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు సెల్లీ ఓక్ రెండింటికీ మధ్యస్థం. ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, రైలు మూడూ దగ్గరే. అయితే అది విద్యార్థుల పేట, కోర్సులు నడిచే నెలల్లో గదులు దొరకడం కష్టం.

మిగిలిన రోజులుంటే మరో రెండు చోట్లకు వెళ్లవచ్చు. ఊరి ఉత్తరపు అంచున, బ్రిస్టల్ రోడ్డు మీద ఉన్న వుడ్‌బ్రూక్ ఒకప్పుడు జార్జ్ క్యాడ్‌బరీ నివాసం. 1903లో దాన్ని క్వేకర్ల అధ్యయన కేంద్రంగా మార్చారు. రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీ 1931 అక్టోబరులో ఇక్కడ బస చేశారు. అక్కడ అధ్యాపకుడిగా ఉండిన హొరేస్ అలెగ్జాండర్ ఆయనకు ఆప్తమిత్రుడు. తరువాతి కాలంలో భారత ప్రభుత్వం అలెగ్జాండర్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. బయటి నుంచి చూసి రావడమే తప్ప లోపలికి యాత్రికుల సందర్శన ఉంటుందని ఆశ పెట్టుకోకండి. రెండవది కాబ్ లేన్‌లోని సెర్బియన్ ఆర్థొడాక్స్ చర్చి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడికి శరణార్థులుగా వచ్చిన సెర్బులు 1968లో బైజాంటిన్ పద్ధతిలో కట్టుకున్నారు. గోడలూ కప్పూ అంతా చిత్రాలే. హార్వీ కట్టిన పెంకుల ఇళ్ల నడుమ గుమ్మటాల గుడి ఎదురుపడటం విచిత్రంగా ఉంటుంది. ఆరాధన వేళల్లోనే తలుపులు తెరుస్తారు. తల వంచుకుని వెనక నిలబడితే ఎవరూ కాదనరు.

మనవాళ్లు ఎలాగూ వెళ్లే టివిడేల్ బాలాజీ గుడి బోర్న్‌విల్‌కు వాయవ్యంగా, నగరానికి అవతలి వైపున ఉంది. తిరుమల నమూనాలో కట్టిన ఈ ఆలయానికి 2006లో కుంభాభిషేకం జరిగింది. రెండింటినీ ఒకే రోజు చూడాలనుకునేవారు పొద్దున గుడి, మధ్యాహ్నం ఊరు అని పెట్టుకుంటే కారిలాన్ దొరుకుతుంది. క్రమం తిప్పితే గుడి మధ్యాహ్న విరామంలో చిక్కుకునే అవకాశం ఉంది గనుక దర్శనం వేళలు ముందే చూసుకోవాలి. గుడికి దగ్గరి రైలు శాండ్‌వెల్ అండ్ డడ్లీ స్టేషను. అక్కడి నుంచి బస్సు గానీ టాక్సీ గానీ తప్పనిసరి. తిరిగి న్యూ స్ట్రీట్ వచ్చి, అక్కడ రైలు మారితే బోర్న్‌విల్.